పుంగనూరు చెరువులో దొరసాని తెరచాప

మదనపల్లెలో కాస్త వయసు మళ్ళినవాళ్ళని ఎవరిని కదిపినా ఈ కథ చెప్తారు. యుద్ధం రోజుల్లో మిషను ఆసుపత్రిలో ఒక డాక్టరు దొర ఉండేవాడట. వయసులో ఉండగా ఒలింపిక్సులో తెరచాప పడవ నడిపి పతకం తెచ్చుకున్నాడట. సముద్రం మీద బెంగ పట్టుకుని పుంగనూరు చెరువులో పడవ వేశాడట. ఊరు ఊరంతా కలిసి ఆయనకి సన్మానం చేసిందట. చెప్పేవాళ్ళ దగ్గర సాక్ష్యం కూడా ఉంది, ఒక ఫోటో. అందులో దొర మెడలో బొడ్డుదాకా వేలాడే దండ, పక్క కుర్చీలో చప్పట్లు కొడుతున్న దొరసాని.

దొర ఉన్నమాట నిజం. దండ పడినమాట నిజం. పడవ మాత్రం ఆయనది కాదు, పతకం ఆయనది కాదు, ఆఖరికి ఆ బెంగ కూడా ఆయనది కాదు.

మొన్న ఒక పెళ్ళిపందిట్లో నాకు వరసకి అన్న అయ్యే పెద్దమనిషి ఇదే కథ ఎత్తుకున్నాడు. నాకు ఊరుకునే గుణం లేదు.

"అన్నా, దొర పడవెక్కింది నువ్వు సూసినావా?"

"నేను సూడలేదు గానీ మా నాయన సూసినాడు."

"మీ నాయన సూసింది పడవనా, దొరనా?"

"రెండూ సూసినాడు. యాల అట్లడుగుతాండావు?"

"ఆ దొరకి నీళ్ళంటే భయం కాబట్టి. కట్ట మీద గొడుగు కింద కుర్చీ యేసుకోని కూర్చునేటోడు. పడవలో ఉండింది దొరసాని."

"నువ్వప్పుడు ఇంతుంటివి. నీకేం తెలుస్తాదిమా?"

"పడవలో రెండో మనిషిని నేనే. నాకు గాక ఇంకెవరికి తెలుస్తాది?"

ఆయన వక్కాకు నములుతూ నవ్వాడు. "ఫోటో ఉండాదే," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. కాలేజీలో పాతికేళ్ళుగా పిల్లల నోళ్ళు మూయిస్తున్నదాన్ని, నేను నోరు మూసుకున్నాను. ఆ ఫోటోలో దొరకి ఎదురుగా, రెండు జడలతో, కెమెరాకి వీపు పెట్టి నిలబడిన పిల్లని నేను. దండ వేసిన చేతులు నావి. అది చెప్పాలంటే మొత్తం చెప్పాలి. పెళ్ళిలో అంత తీరిక ఎవరికుంటుంది? అందుకే రాస్తున్నాను.

మా అమ్మ ఆ ఆసుపత్రిలో నర్సు. నాన్న నేను పుట్టిన రెండో ఏడే పోయాడు. ఆసుపత్రి వెనక వరసగా ఉన్న క్వార్టర్సులో చివరిది మాది. గురువారం గురువారం అమ్మ, దొర, దొరసాని ముగ్గురూ పుంగనూరుకి వెళ్ళి అక్కడ వైద్యం చేసేవాళ్ళు. దొరసాని కూడా నర్సే, యుద్ధానికి కాస్త ముందే దొరని పెళ్ళాడి వచ్చింది; సభలకీ పెళ్ళిళ్ళకీ దొర ఒక్కడే పోయేవాడు. నన్ను చూసుకునేవాళ్ళు లేక అమ్మ నన్నూ వ్యానులో ఎక్కించేది. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క ఆ వ్యాను బొగ్గుతో నడిచేది. వెనక డ్రమ్ములో నిప్పు రాజేసి, అది వేడెక్కేదాకా అందరం దేవుడి మీద భారం వేసి కూర్చునేవాళ్ళం. ఎగుడు వచ్చిందంటే దిగి తోసేది కూడా మేమే. దొరసాని అందరికంటే ముందు దిగేది. ఎత్తరి మనిషి, ఎండకి కమిలిన ముక్కు, మగవాడి చేతుల్లాంటి చేతులు. రోగి కట్టు విప్పేటప్పుడు ఆ చేతులే దూదిలాగా అయ్యేవి.

ఆమె తెలుగు మా అందరికీ నవ్వులాట. ఎవరో మున్షీ దగ్గర పాతపుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకుంది. పుంగనూరులో పాలమ్మే ఆడమనిషి కాలికి పుండుతో వస్తే, "ఈ వ్రణము ఎన్ని దినములనుండి కలదు?" అని అడిగేది. ఆ ఆడమనిషి మా అమ్మ వైపు తిరిగి, "ఈయమ్మ నాకోసం ప్రార్థన చేస్తాండాదా?" అనేది.

ఆ ఏడు వానలు కుమ్మరించాయి. పుంగనూరు చెరువు నిండి, మిగులు నీళ్ళు మరవ మీంచి పొర్లిపోయాయి. మా తట్టు చెరువు నిండడం అంటే ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో ఒకసారి. జనం కట్టెక్కి ఊరికే నీళ్ళు చూస్తూ నిలబడేవాళ్ళు. ఒక గురువారం వైద్యం అయ్యాక మేమూ ఎక్కాం. దొరసాని నీళ్ళని చూడలేదు. నీళ్ళ మీద పరుగెత్తే గాలిని చూసింది. అక్కడక్కడ నీళ్ళు నల్లగా ముడతలు పడి, ఆ ముడత జరిగి జరిగి అవతలి గట్టు తాకి మాయమయ్యేది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టుంది. దొర ఆమె ముఖం వైపు కాసేపు చూసి, "చేయించుకో," అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో అన్నా నాకు అర్థమైంది.

ఆసుపత్రికి ఎక్స్‌రే మిషను వచ్చిన పెద్ద చెక్కపెట్టె ఒకటి షెడ్డులో పడి ఉండింది. ఆ పలకలతో, ఎద్దులబండ్లు చేసే ఆచారి చేత పడవ చేయించింది. బండికి తొట్టి బిగించినట్టు బిగించి, సందులకి తారు పూశాడు. తిరగేసి చూస్తే మిషను కంపెనీ నల్లక్షరాలు అట్లానే ఉండేవి. ఇక తెరచాప. గుడ్డకి కంట్రోలు రోజులు, కొత్తగుడ్డ గజం దొరకదు. పుంగనూరులో షామియానాలు కుట్టే ముసలి సాయిబు ఒకాయన తన పాత షామియానా పక్కగోడ ఒకటి ఇచ్చి, తనే కుడతానన్నాడు. వెలిసిపోయిన ఎరుపూ పసుపూ చారల గుడ్డ. వారానికి కుట్టి తెచ్చి పరిచాడు. కుట్టు దేవుడిచ్చిన కుట్టు. కానీ గుడ్డ నడిమధ్య వరసగా నాలుగు కిటికీలు.

"ఇవి ఏమిటి?" అంది దొరసాని.

"గాలి పోయేదానికి దారులమ్మా. ఇవి లేకుంటే గాలి నిలిచి చినిగిపోతాది."

"గాలి పోవలదు. నిలువవలెను."

సాయిబు జాలిగా చూశాడు. "గాలి నిలిస్తే గుంజలు పెరుక్కోని లేచిపోతాది దొరసానమ్మా. నలబై ఏండ్లాయె నేను కుట్టబట్టి. నా షామియానా ఒక్కటి లేచింది లేదు."

"ఇది లేవవలెననియే నా కోరిక."

సాయిబు నావైపు తిరిగాడు. "క్యా బేటీ, ఆయమ్మకి బాగుండాదా?" నేను పడవ సంగతి విడమరిచి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, ఆ నాలుగు కిటికీలకీ ఎర్రగుడ్డ అతుకులు వేసి కుట్టాడు. పడవ మొదటిసారి నీళ్ళలోకి దిగినరోజు, కట్ట మీద అందరికంటే ముందు నిలబడి, గుడ్డ ఉబ్బడం చూసి, "లేచింది, లేచింది," అని గొణుక్కున్నాడు. తన పనితనానికి మచ్చ పడినట్టూ, పండగ వచ్చినట్టూ రెండూ ఉండినాయి ఆ గొంతులో.

నన్ను పడవలోకి ఎక్కించింది బరువు కోసం. గాలి ఒకవైపు వంచితే రెండోవైపు అంచు మీద ఎవరో ఒకరు కూర్చోవాలి. దొర రానన్నాడు. అమ్మ, "ప్రభువు నీళ్ళ మీద నడిచినాడు గానీ నేను నడవలేను," అంది. మిగిలింది నేను.

ఆ సాయంకాలాల్ని ఎట్లా చెప్పాలో ఇన్నేళ్ళయినా నాకు చేతకాలేదు. ఒడ్డు విడిచిన కాసేపటికి చప్పుళ్ళన్నీ వెనకబడేవి. బండ్ల చప్పుడు, చాకిరేవు చప్పుడు, పిలుపులు, ఒక్కొక్కటే దారి మరిచిపోయినట్టు ఆగిపోయేవి. పడవ అడుగున నీళ్ళు గుసగుసమనేవి. ఎండ సాయిబు గుడ్డలోంచి దూరి వచ్చి మా చేతుల మీద ఎర్రగా పసుపుగా పడేది. మునిగిపోయిన తుమ్మచెట్ల కొనలు నీళ్ళమీద జుట్టు ఆరబోసుకున్నట్టు ఉండేవి. వాటి నడుమగా మేము పోతుంటే కింద ఇంకో పడవ, అందులో ఇంకో ఎత్తరి మనిషి, ఇంకో పిల్ల, తలకిందులుగా మాతోనే వచ్చేవాళ్ళు. నేను వాళ్ళకేసి చూస్తూ ఉండిపోతే, "గాలి ఎచ్చటనుండి వచ్చుచున్నది?" అని అడిగేది దొరసాని. నేను ఉలిక్కిపడి, కట్ట మీద ఆరేసిన చీరల్ని చూసి, "ఆడినుంచి," అని చెయ్యి చూపించేదాన్ని.

చీరలు చాలవని ఆమెకి త్వరలోనే తెలిసింది. చెరువు కింద కళ్ళంలో ఆడవాళ్ళు తూర్పారబట్టేవాళ్ళు. ఎత్తుపీట మీద నిలబడి, చేటతో గింజలు జారవిడుస్తూ, పొట్టు ఎటు పోతుందో చూసేవాళ్ళు. దొరసాని ప్రతి గురువారం పడవ ఎక్కేముందు వాళ్ళ దగ్గరికి పోయి నిలబడేది. వాళ్ళలో ఒకామె, పైకి చూడకుండానే, "ఇంకో నాలుగు చేటలకి నిలిచిపోతాది దొరసానమ్మా, తొందరగా పో," అనేది. సరిగ్గా నాలుగు చేటలంత సేపటికి గాలి పడిపోయేది. దొరసాని నాతో అంది, "మా దేశమున ఈమెను పందెపు పడవలో కూర్చుండబెట్టుకొనుటకు కొట్లాడుదురు." నేను ఆ మాట ఆమెకి చెప్పాను. "నా మొగుడు కొట్లాడకుంటే సాలు," అంది ఆమె.

ఒక గురువారం గాలి పడిపోయి చెరువు నడుమ నిలిచిపోయాం. తెరచాప తడిసిన కోడిలాగా వేలాడింది. తెడ్లు ఉండినాయి గానీ ఆమె వాటిని తాకలేదు. గాలి దానంతట అది రావాలి అంది. ఆ ఎదురుచూపుల్లోనే తన కథ చెప్పింది. అంతకుముందు ముక్కలు ముక్కలుగా విన్నాను. చలిదేశంలో, రేవు పక్క ఇల్లు. ఎనిమిదేళ్ళకి మొదటి పడవ. ఊళ్ళో పడవలవాళ్ళ క్లబ్బుకి ఆడవాళ్ళు ముందు వాకిలి నుంచి పోకూడదు, వంటింటి వాకిలి నుంచి పోవాలి. ఆమె వంటింట్లోంచి పోయి, పందెం గెలిచి, కప్పు తీసుకుని మళ్ళీ వంటింట్లోంచి వచ్చేది. ఆ కప్పుల మీద చెక్కింది పడవ పేరూ, పడవ సొంతదారు పేరూ. సొంతదారు వాళ్ళ నాన్న.

"ఒలింపిక్సు పడవయు మా తండ్రిదే," అంది. "మొదటి పందెము నాటి ఉదయమున ఆయన మణికట్టు బెణికెను. చుక్కాని నేను పట్టితిని. కడవరకు నేనే పట్టితిని. మేము మూడవవారమై వచ్చితిమి. పత్రికలో మా తండ్రి పేరు వేసి, కుమార్తెయు పడవలో ఉండెనని వ్రాసిరి."

"మీరు చెప్పలేదా?"

"చెప్పితిని. మా తండ్రియు చెప్పెను. వారు విని, ఈయన ఎంత వినయము గల తండ్రి అనిరి."

నాకు నవ్వొచ్చింది, నవ్వాను. ఆమె నవ్వలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి వేళ్ళు విప్పింది, మూసింది. "ఒక్కసారి నా పేరు పెట్టి పిలిచి ఇది నీదని చెప్పిన చాలును," అంది. నాతో అన్నట్టు లేదు. తర్వాత తుమ్మకొనల అవతల నీళ్ళు నల్లబడ్డాయి. గాలి వస్తోంది అన్నాను. ఆమె తాడు అందుకుంది.

ఊరికి ఆమె సంగతి చెప్పింది దొరే. ఇది నేను దాచను. మదనపల్లెలో రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన దొర దగ్గర చక్కెర జబ్బుకి వైద్యం చేయించుకునేవాడు. పుంగనూరు చెరువులో పడవ ఎవరిది అని ఆయన అడిగితే, దొర ఇంట్లోకి పోయి గుండీల డబ్బాలోంచి పతకం తెచ్చి చూపించి, ఇది నా భార్యది అని చెప్పాడట. హెడ్మాస్టరు ఆ రాత్రి నిద్రపోలేదట. మన ఊళ్ళో ఒలింపిక్సు మనిషిని పెట్టుకుని సన్మానం చేయకపోతే ఎట్లా? వారం తిరక్కుండా కమిటీ వేశాడు.

ఎవరేం ఇచ్చినా వద్దనే మనిషి, దొరసాని దీనికి మాత్రం వెంటనే సరేనంది. "నా పేరు పిలుచుదురా?" అని మా అమ్మని అడిగింది. "పిలవకుండా ఎట్లమ్మా, సన్మానం మీకే కదా," అంది అమ్మ. ఆ సాయంకాలం దొరసాని మా వంటింటి గడప మీద కూర్చుని, చింతపండుతో పతకాన్ని తోమింది. అది కంచుది, నల్లగా కమిలిపోయి ఉండింది. తోమగా తోమగా పైన బొమ్మ తేలింది. కడిగి, గౌను అంచుతో తుడిచి మా అమ్మ చేతిలో పెడితే, అమ్మ దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక కళ్ళకద్దుకుంది.

కమిటీ రెండోసారి మా వరండాలోనే కూర్చుంది, దొరసానికి ఏది నచ్చుతుందో అమ్మని అడగడానికి. హెడ్మాస్టరు, ఒక ప్లీడరు. నేను తలుపు చాటున ఉన్నాను.

"దండ బోర్డు చైర్మన్ గారేస్తారు," అన్నాడు హెడ్మాస్టరు.

"ఆడమనిషి మెడలోనా?" అన్నాడు ప్లీడరు.

"దొరసాని గదప్పా."

"దొరసాని అయితే మెడ గాదా అది? మొగోడు ఆడమనిషి మెడలో దండ యేసేది ఎప్పుడు సార్? చైర్మన్ గారింట్లో ఆయమ్మ ఊరుకుంటాదా?"

"అయితే చేతికిస్తాం."

"చేతికిస్తే పూలంగట్లో పొట్లం కట్టిచ్చినట్టుంటాది."

"ఆడోళ్ళ చేత ఏపిచ్చండి సార్," అంది అమ్మ.

"యా ఆడమనిషి ఎక్కుతాదమ్మా స్టేజీ?"

"నేనెక్కుతాను."

ప్లీడరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మా అమ్మ విధవ. ఆ ముక్క నోటితో అనే మొరటువాళ్ళు కాదు వాళ్ళు. అనకుండానే అనేశారు. హెడ్మాస్టరే, "పాపతో ఏపిద్దాం. ఆయమ్మతో పడవలో తిరిగిన పాపే గదా," అన్నాడు. తలుపు చాటున నా గుండె తెరచాప మాదిరి ఉబ్బింది. అమ్మ లోపలికొచ్చి, నన్ను చూసి, "ఎగరొద్దు," అంది. ఆమె కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయో అర్థం చేసుకునే వయసు నాకు లేదు.

సన్మానం స్కూలు హాల్లో. జనం కిటికీల్లో కూడా కూర్చున్నారు. స్టేజీ మీద భర్త లేకుండా ఆడమనిషిని ఒక్కదాన్నే కూర్చోబెడితే బాగుండదని దొరకీ ఒక కుర్చీ వేశారు. దొరసాని తెల్లగౌను వేసుకుంది. పతకం రొమ్ము మీద పెట్టుకుంది. హెడ్మాస్టరు అద్దం కట్టించిన సన్మానపత్రం చదివాడు. మంచి తెలుగే. సముద్రాలూ కెరటాలూ వీరనారులూ అన్నీ ఉండినాయి. ఆమె పేరు మాత్రం లేదు. పరాయి ఆడమనిషి పేరు పదిమందిలో పిలవడం మర్యాద కాదని ఆయన నమ్మకం. అందుకని ప్రతిచోటా శ్రీమతి అని పెట్టి, దాని వెనక దొర పేరు పెట్టాడు. ఆ పేరు వచ్చినప్పుడల్లా హాలంతా చప్పట్లు. ఆ పేరు వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ దగ్గులు తగ్గించిన పేరు, వాళ్ళ పిల్లల్ని బతికించిన పేరు. దొరసాని ఒక్కొక్క వాక్యం చివర కాస్త ముందుకు వంగి వినేది, ఇప్పుడు వస్తుందేమో అన్నట్టు. పత్రం అయిపోయింది.

అప్పుడు నా చేతుల్లో దండ పెట్టారు. రోజాలు, కనకాంబరాలు, జరీకాగితం. తడిబట్టల మూటంత బరువు. నేను నేరుగా దొరసాని దగ్గరికే పోయాను. ఈ మాట ఎవరైనా నమ్మాలని నేను ఒట్లు వేయను, కానీ పోయాను. దండ ఎత్తాను. ఆమె పడవలో చుక్కాని దగ్గర కూర్చున్నట్టే కూర్చుని ఉంది, వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి, నన్ను చూసి నవ్వుతూ. దండ బరువుకి నా చేతులు ఆమె చెవులదాకా కూడా లేవలేదు. మునివేళ్ళ మీద లేచాను. అందలేదు. ఎదుటివాళ్ళు దండ ఎత్తితే మనం తల వంచాలి అని మనకి పుట్టుకతో వస్తుంది. ఆమెకి ఎట్లా వస్తుంది? వెనకనుంచి, "ఎయ్యిమా, ఎయ్యి," అంటున్నారు. ఎవరో నవ్వారు. బ్యాండు మొదలైంది.

పక్క కుర్చీలోంచి ఒక తల నా వైపు వంగింది. ఆసుపత్రి వార్షికోత్సవాల్లో, గృహప్రవేశాల్లో, పెళ్ళిళ్ళలో దండలకి అలవాటైన తల. నా చేతులకి అందిన మెడ అది. దండ అందులో పడింది.

ఫోటో అప్పుడే తీశారు. దాంట్లో దొర కుడిచెయ్యి కదిలిపోయి మసగ్గా ఉంటుంది. పెదాలు కొంచెం తెరుచుకుని ఉంటాయి. ఏదో అన్నాడో, అనబోయాడో, బ్యాండు మోతలో నాకు తెలియలేదు. దొరసాని చప్పట్లు కొట్టింది. హాల్లో అందరికంటే ముందు ఆమే కొట్టింది. హెడ్మాస్టరు ఒక్క క్షణం బిత్తరపోయి, "దంపతులు ఇద్దరూ ఒకటే," అని సర్దేశాడు. దానికీ చప్పట్లే. దొర దండ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పటికి కెమెరావాడు నల్లగుడ్డ మడతపెట్టుకుంటున్నాడు.

తర్వాత ఆమె పడవ ఎక్కలేదు. చెరువు తగ్గింది గదా అని అమ్మ అనేది. నేను ఒప్పుకోను. ఇంకా నిలువెత్తు నీళ్ళుండినాయి. ఒక గురువారం దొరసాని తెరచాప మడిచి సాయిబుకి తిరిగి ఇచ్చేసింది. ఆయన అతుకులు విప్పి, కిటికీలు మళ్ళీ తెరిచి, దాన్ని షామియానా చేసుకున్నాడు. పడవని కట్ట కింద బోర్లించారు. కంపెనీ అక్షరాలు ఎండకి వెలిసిపోతూ కొన్నాళ్ళుండి, పడవే లేకుండా పోయింది.

యుద్ధం ముగిసి, ఓడల్లో చోటు దొరకడం మొదలయ్యాక వాళ్ళు తమ దేశం వెళ్ళిపోయారు. మద్రాసు రైలు కుప్పంలో ఎక్కాలి. అమ్మా నేనూ వ్యానులో కుప్పందాకా పోయాం. స్టేషన్లో ఒకవైపు అరవం, ఒకవైపు కన్నడం, నడుమ మన తెలుగు. రైలు ఆలస్యం. దొరా అమ్మా పెట్టెలు లెక్క చూసుకుంటున్నారు. దొరసాని బెంచీ మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. సిగ్నలు అవతల కొండ మీద మబ్బునీడ నడిచిపోతోంది. నెలల తరబడి గొంతులో పెట్టుకున్న మాట బయటికొచ్చింది.

"దండ నేనే తప్పు యేసినాను దొరసానమ్మా."

ఆమె తన మెడ వెనక చెయ్యి పెట్టుకుని, మెల్లగా తల వంచి, మళ్ళీ ఎత్తింది, ఏదో కొత్తపని నేర్చుకుంటున్నట్టు.

"వంగవలెనని నాకు ఎవ్వరును చెప్పలేదు," అంది.

రైలొచ్చింది. వాళ్ళు ఎక్కారు. దొర కిటికీలోంచి నా తల నిమిరి, బాగా చదువుకో అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. పదేళ్ళ పిల్లకి అడగడం తెలియదు. ఆ తర్వాత అడగడం తప్ప ఏదీ నేర్చుకోలేదు నేను, కానీ అప్పటికి అడిగేందుకు ఆయన లేడు, ఆమె లేదు.

తల వంచమని చెప్పాలని హెడ్మాస్టరుకి తోచలేదు, పోనీ. మా అమ్మకి తోచలేదు. నాకు తోచే వయసు కాదు. అయినా మాకెవరికీ ఆమె మెడ నిటారుగా ఉంటుందని ముందుగా తెలిసే దారి లేదు. దొరకి ఉండింది. మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుండి, వందసార్లు తల వంచి దండలు వేయించుకున్న మనిషి, పతకాన్ని గుండీల డబ్బాలోంచి తానే తీసి ఊరికి చూపించిన మనిషి, ఆ సాయంకాలం ఆమెతో కలిసి స్కూలుదాకా నడిచొచ్చిన మనిషి, దారిలో ఆ ఒక్కమాట ఆమెకి ఎందుకు చెప్పలేదు?